మార్చి 9 నాటి మాట

మార్చి 8 వస్తే మా మిల్లు గేటుకు రంగు కాగితాలు కడతారు. క్యాంటీను ముందు ముగ్గుల పోటీ, మధ్యాన్నం కుర్చీలాట, షిఫ్టు మారే యాళకు ఒక్కొక్కరి చేతికి ఒక గులాబీ, ఒక స్టీలు డబ్బా. ఫోటో తీసేవాడు వస్తాడు. మరుసటి వారం ఆ ఫోటో నోటీసు బోర్డులో ఉంటుంది. నా వంటింట్లో ఇట్లాంటి డబ్బాలు ఐదు ఉన్నాయి. ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో మినప్పప్పు, ఇంకొకదాంట్లో బిడ్డల చిరుతిండి. డబ్బాల మీద నాకేమీ కోపం లేదు. మంచి డబ్బాలే, మూత గట్టిగా పడుతుంది, చీమ పోదు.

ఈ నెల నేను రాయాలనుకున్నది మార్చి 8 గురించి కాదు, మార్చి 9 గురించి. ఆ రోజు పొద్దున 7 గంటల సంగు ఊదినప్పుడు లోపలికి పోయే ఆడమనిషికి ముందురోజు కంటే ఏం మారింది? ఈ ఒక్క ప్రశ్న మన ఇండ్లలో అందరం, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, కూర్చొని మాట్లాడుకోవాలని నా ఆశ.

మాది పాంచాలంకురిచ్చి పక్కన ఒక పల్లె. కట్టబొమ్మన కోట చూడడానికి బస్సుల్లో జనం వచ్చే ఊరంటే అందరికీ తెలుస్తుంది. 1799 అక్టోబరు 16న ఆయన్ను కయత్తారులో ఉరి తీసినారు. అసలు కోటను తెల్లవాళ్ళు నేలమట్టం చేసినారు. ఇప్పుడు మనం చూసేది 1974లో ప్రభుత్వం కట్టించింది. దగ్గరలోనే జక్కమ్మ గుడి. చుట్టూ నల్లరేగడి, వాన పడితేనే పంట. వాన తప్పిన ఏడు మొదట ఇల్లు దాటి పనికి పోయేది ఆడవాళ్ళే. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి వైపు అగ్గిపెట్టెల పనికి, లేకుంటే నూలు మిల్లుకు. మా అమ్మ చట్రంలో అగ్గిపుల్లలు పేర్చి నన్ను చదివించింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మా తాత దగ్గర నేర్చుకున్నవి. అందుకని నా రాతలో మా ఊరి మాట దొర్లుతుంది, చదివేవాళ్ళు సర్దుకోవాలి. 18 ఏండ్లకు మిల్లు బస్సు ఎక్కినాను. ఇప్పటికి 16 ఏండ్లయింది.

స్పిన్నింగ్‌లో సైడర్ పని ఏమిటో ఈ పత్రిక చదివే పెద్దవాళ్ళకు చెప్పనక్కర లేదు. పిల్లల కోసం, కొత్తగా మన ఇండ్లకు వచ్చిన కోడళ్ళ కోసం చెప్తాను. రింగ్ ఫ్రేముకు రెండు పక్కలా వందల కదుళ్ళు తిరుగుతుంటాయి. వాటి మధ్య సందులో మనం నడుస్తూనే ఉండాలి. పోగు తెగితే వెంటనే అతకాలి. అతకకుంటే నూలు కావలసిన దూది వేస్టు పెట్టెలోకి పోతుంది. ఫ్రేము ఆగదు, కాబట్టి మనిషీ ఆగకూడదు. ఎనిమిది గంటలూ ఇదే. మిల్లులో అన్నింటికంటే ఖరీదైన సరుకు దూది కాదు, కరెంటు కాదు, నిమిషం.

అందుకే ఆడవాళ్ళకు చేసే ఏ మేలునైనా నేను ఒకటే అడుగుతాను: దీనివల్ల ఆమెకు ఫ్రేము దగ్గరనుంచి నాలుగు నిమిషాల విడుపు దొరికిందా? దొరికితే అది మేలు. దొరకకుంటే అది గోడకు పూసిన రంగే.

ఇది ఎట్లా తోచిందో చెప్తాను. మా డిపార్ట్‌మెంటులో ఒక షిఫ్టుకు 22 మంది ఆడవాళ్ళం. బాత్రూముకు పోవాలంటే మేస్త్రి బల్ల మీదున్న చెక్కబిళ్ళ తీసుకొని పోవాలి. బిళ్ళలు రెండే. బిళ్ళ దొరికినా సరిపోదు, మనం వచ్చేదాకా పక్కసైడు మనిషి మన సైడు కూడా చూడాలి. ఆమెకు అప్పటికే తన సైడు తలకు మించి ఉంటుంది. అడగాలంటే మనసు రాదు. అందుకని మేము కనిపెట్టిన ఉపాయం ఒకటే, నీళ్ళు తాగకపోవడం. పొద్దున ఇంట్లో అర గ్లాసు కాఫీ, మధ్యాన్నం అన్నంతో రెండు గుక్కలు, అంతే. బయట ఎండ, లోపల నూలు తెగకుండా గాలిలో చల్లే తేమ, ఒళ్ళంతా చెమట. అయినా నీళ్ళు తాగము. నెల మూడు రోజుల్లో ఉండే కష్టం ఆడవాళ్ళకు చెప్పక్కర లేదు, మగవాళ్ళు ఊహించుకుంటే చాలు. మంట, జ్వరం, నడుమునొప్పి మా డిపార్ట్‌మెంటులో అందరికీ తెలిసిన జబ్బులు.

ఒక ఏడు మార్చి 8న ఒక డాక్టరమ్మను పిలిపించినారు. ఆమె చాలా ఓపికగా, చక్కగా మాట్లాడింది. ఆడవాళ్ళు రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, అణచుకోకూడదు అని చెప్పింది. నా పక్కన కూర్చున్న అక్క నా చెవిలో అన్నది:

"తాగచ్చు పిల్లా. బిళ్ళ ఈమె ఇస్తాదా?"

నాకు నవ్వు ఆగలేదు. నా వెనక వరసకు మాట పాకింది, వాళ్ళూ నవ్వినారు. డాక్టరమ్మ తన మాటకే నవ్వినామనుకొని తానూ నవ్వింది. ఆమె తప్పేమీ లేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కానీ నీళ్ళు తాగమని చెప్పడం ఒకటి, తాగిన నీళ్ళకు దారి చూపడం ఇంకొకటి. మొదటిదానికి ఒక పూట ఉపన్యాసం చాలు. రెండోదానికి ఒక మనిషి కావాలి, మన చోట మారు నిలబడే మనిషి. మిల్లు మాటలో రిలీవర్.

మన తమిళనాడు మిల్లుల్లో ఆడపిల్లలకు పని ఇచ్చేటప్పుడు మంచి మంచి పేర్లు పెట్టడం కొత్త కాదు. సుమంగళి పథకం అనే మాట వినని ఇల్లు మనలో ఉండదు. పెళ్ళికాని పిల్లను మూడేండ్లు మిల్లు హాస్టల్లో ఉంచి పని చేయించుకుంటారు. నెలనెలా చేతికి కొంచెమే వస్తుంది. మూడేండ్లు నిండితే పెళ్ళికి పనికొచ్చేటట్లు ఒక మొత్తం ఇస్తామని చెప్తారు. మా పెద్దమ్మ కూతురు అట్లాగే పోయింది. రెండేండ్ల తొమ్మిది నెలలకు కామెర్లు వచ్చి ఇంటికి వచ్చేసింది. మూడేండ్లు నిండలేదు కాబట్టి మొత్తం రాలేదు. ఇంట్లో అందరూ ఆమె రాత అన్నారు. ఆ మొత్తం ఎవరో ఇచ్చే కట్నం కాదు, నెలనెలా ఆమె సంబళంలో చేతికి రాకుండా ఆగిన రూకలే అని ఎవరికీ తోచలేదు. పేరు మంగళంగా ఉండేసరికి లెక్క అడగడం మరిచిపోయినాము. బహుమతి అనే మాటకు ఆ గుణం ఉంది. చేయి చాపేటప్పుడు లెక్క అడగడానికి నోరు రాదు.

మేము మాత్రం ఒక ఏడు అడిగినాము. ఆ కథే ఇప్పుడు చెప్పబోయేది.

మూడేండ్ల కిందట ఫిబ్రవరిలో పర్సనల్ ఆఫీసరు మా డిపార్ట్‌మెంటుకు వచ్చి, "ఈసారి మీకు డబ్బా కావాలా, బ్యాగు కావాలా, మీరే చెప్పండి" అన్నాడు. మంచి మనిషే, అడిగి ఇద్దామనుకున్నాడు. ఆయన పోయినాక బ్యాగే మేలని కొందరు, డబ్బానే ఉండనీ అని కొందరు. ఆ చెవిలో మాట చెప్పిన అక్కే మళ్ళీ అన్నది, "రెండూ వద్దు, షిఫ్టుకు ఒక రిలీవర్ కావాలని అడిగితే?" కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అడిగితే ఉన్నది పోతుందేమోనని భయం. ఉన్నది అంటే ఏమిటో మాకే తెలియదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ మాట ఇంట్లో చెప్పినాను. మా మామ పాతకాలపు మిల్లు కార్మికుడు, రిటైరైనారు. పుట్టింది ఒట్టపిడారంలో. ఆయన చేయి కడుక్కొని వచ్చి నన్ను అడిగినారు:

"ఏమ్మా, వారానికి ఒక దినం సెలవుంది గదా, అది ఎవరిచ్చినారనుకుంటివి?"

నాకు తెలియదన్నాను. అప్పుడు ఆయన చెప్పినారు. ఒట్టపిడారంలో పుట్టిన వ.ఉ. చిదంబరం పిళ్ళెను మనం కప్పలు నడిపిన మనిషిగా తలుచుకుంటాము. 'కప్పల్' అంటే తమిళంలో ఓడ, మా ఇంట్లో తెలుగులోనూ అదే మాట. ఆయన 1908లో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికుల పక్షాన కూడా నిలబడినారు. ఫిబ్రవరి 27న సమ్మె మొదలైంది. వాళ్ళు అడిగిన వాటిలో కూలి పెంపు ఉంది, వారానికి ఒక దినం సెలవు ఉంది. మార్చి మొదటి వారంలో యాజమాన్యం ఒప్పుకుంది. ఆ తర్వాత కొన్ని దినాలకే పిళ్ళెగారిని పట్టుకుపోయి జైల్లో పెట్టినారు. "ఆదివారం ఎవడూ గులాబీతో చేర్చి ఇయ్యలేదమ్మా" అన్నారు మామ.

మార్చి 8 కథా ఇట్లాంటిదేనని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆడవాళ్ళకు ఏటా ఒక దినం ఉండాలని 1910లో కోపెన్‌హాగన్‌లో జరిగిన సభలో క్లారా జెట్కిన్ అనే జర్మనీ ఆమె ముందుకు తెచ్చింది. 1917లో రష్యాలో, పెట్రోగ్రాడ్ అనే పట్టణంలో, బట్టల మిల్లుల ఆడవాళ్ళు రొట్టె కోసం పని ఆపి వీధిలోకి వచ్చిన తేదీ మార్చి 8. వాళ్ళు మన మాదిరే పోగులు అతికినవాళ్ళు, మగ్గాల దగ్గర నిలబడినవాళ్ళు. ఈ దినం మొదలే మిల్లు ఆడవాళ్ళది. ఇప్పుడు అది మనకే డబ్బాగా తిరిగి వస్తోంది.

మరునాడు మేము చేసింది పెద్ద పోరాటమేమీ కాదు. ఒక నలభై పేజీల నోటు పుస్తకం కొన్నాము. ఒక నెల రోజులు రాసినాము. ఎవరు ఎన్ని గంటలకు బిళ్ళ అడిగినారు, ఎన్ని నిమిషాలు కాచుకున్నారు, ఆ యాళలో ఏ సైడు మనిషి లేకుండా ఉండిపోయింది, ఎవరు కళ్ళు తిరిగి కూర్చున్నారు. ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల ఒకతె గీతలు కొట్టి పట్టిక వేసింది. కొందరికి సంతకం రాదు, వాళ్ళు వేలిముద్ర వేసినారు. నెల చివర 22 మందిమీ పేర్లు వేసి, ఆ పుస్తకాన్నే పర్సనల్ ఆఫీసరు బల్ల మీద పెట్టినాము.

ఆయన మొదట నవ్వినాడు. "ఇది బహుమతి కాదమ్మా, ఇది పోస్టు" అన్నాడు. తర్వాత కాగితం తీసి లెక్క చూపించినాడు. మిల్లంతా కలిపి ఆడవాళ్ళం 240 మంది, డబ్బా ఒక్కొక్కటి 180 రూపాయలు, అంతా కలిపి 43,200. రోజుకు 450 రూపాయల సంబళానికి రిలీవర్‌ను పెడితే, నెలకు 26 దినాలు, ఏడాదికి 1,40,400. మూడు షిఫ్టులకు ముగ్గురంటే 4 లక్షలు దాటుతుంది. "డబ్బాల డబ్బు ఇచ్చినా చాలదు చూడండి" అన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. అందుకే డబ్బాకూ మేలుకూ తేడా ఆ బల్ల దగ్గరే నాకు స్పష్టంగా కనబడింది. డబ్బా చౌక. నిజమైన మేలుకు ఖర్చవుతుంది, ప్రతి నెలా అవుతుంది.

మా దగ్గరా ఒక లెక్క ఉంది. ఆ ముందు ఏడాది మా డిపార్ట్‌మెంటు నుంచి తొమ్మిదిమంది పిల్లలు పని మానేసినారు. కొత్త పిల్ల వచ్చి పూర్తి సైడు చూసుకోవడానికి కనీసం మూడు నెలలు పడుతుంది. అందాకా ఆమె పక్కన పాతవాళ్ళను నిలబెట్టాలి, వేస్టు పెరుగుతుంది. ఆ అక్క అడిగింది, "సార్, పోయినవాళ్ళ లెక్క ఏ కాగితంలో రాసుకుంటారు?" ఆయన పుస్తకం తీసుకొని మేనేజరు దగ్గరికి పోయినాడు. రెండు నెలలు ఏ మాటా లేదు. ఆ ఏడు మార్చి 8న ఎప్పటిమాదిరే డబ్బా వచ్చింది, తీసుకున్నాము. జూన్‌లో మొదటి షిఫ్టుకు ఒక రిలీవర్ వచ్చింది. దీపావళి బోనసు ముందు రెండో షిఫ్టుకు ఇంకొకతె వచ్చింది. చెక్కబిళ్ళలు తీసేసినారు.

ఒక మనిషి వచ్చినందుకు ఏమేమి కదిలిందో చూస్తే మాకే ఆశ్చర్యం. మొదట నీళ్ళు. ఇంటినుంచి బాటిల్ తెచ్చుకోవడం మొదలైంది. తర్వాత పిల్లల గది.

మా మిల్లులో పిల్లల గది ముందునుంచే ఉంది. గోడకు బొమ్మలు, ఒక ఉయ్యాల, ఒక ఆయా. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 30 మందికి పైగా ఆడవాళ్ళున్న చోట ఇట్లాంటి గది ఉండాలన్నది. 1961 ప్రసూతి చట్టం, పనికి తిరిగి వచ్చిన తల్లికి బిడ్డ 15 నెలల వాడయ్యేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇచ్చింది. 2017లో ఆ చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు సంబళంతో సెలవు 12 వారాలనుంచి 26 వారాలు చేసినారు. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట పిల్లల గది పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావచ్చు అన్నారు. చట్టంలో అన్నీ ఉన్నాయి. మా గదిలో మాత్రం బిడ్డలు లేరు. ఎందుకంటే గది తెరిచేది 9 గంటలకు, షిఫ్టు మొదలయ్యేది 7కు. మిల్లు బస్సులో బిడ్డను ఎక్కించుకోరు. ఎట్లో తెచ్చినా, పాలివ్వడానికి పోతే సైడు ఎవరు చూస్తారు? తనిఖీకి వచ్చిన వాళ్ళకు గది చూపించేవాళ్ళు, వాళ్ళు రాసుకొని పోయేవాళ్ళు.

రిలీవర్ వచ్చిన ఏడే మా డిపార్ట్‌మెంటు పిల్ల ఒకతె కాన్పు సెలవు ముగించుకొని వచ్చింది. వచ్చిన వారానికే ఏడ్చుకుంటూ రాజీనామా రాయించడానికి నా దగ్గరికి వచ్చింది. రవిక తడుస్తోంది, బిడ్డ ఇంట్లో సీసా పట్టడం లేదు. నేను రాయలేదు. నోటు పుస్తకం నడిపినవాళ్ళమే నలుగురం మళ్ళీ ఆఫీసుకు పోయినాము. రెండే అడిగినాము. ఆయా 6.45కు రావాలి, బిడ్డతో వచ్చే తల్లికి బస్సులో ముందు సీటు. వీటికి పెద్ద ఖర్చు లేదు కాబట్టి ఈసారి పది దినాల్లో అయిపోయింది. ఇప్పుడు ఆ గదిలో ముగ్గురు బిడ్డలున్నారు. రిలీవర్ నిలబడితే తల్లి పోయి పాలిచ్చి వస్తుంది. ఆ పిల్ల ఇప్పటికీ పనిలో ఉంది, ఈమధ్యే చీటీ ఎత్తి ఇంటికి గచ్చు వేయించుకుంది.

మూడోది కమిటీ. పనిచేసే చోట ఆడవాళ్ళను వేధించడం మీద సుప్రీంకోర్టు 1997లో విశాఖ తీర్పులో నియమాలు పెట్టింది, 2013లో చట్టమే వచ్చింది. పదిమంది, అంతకు పైన పనిచేసే ప్రతి చోటా ఒక కమిటీ ఉండాలి. దానికి ఆడమనిషే అధ్యక్షురాలు. సభ్యుల్లో కనీసం సగంమంది ఆడవాళ్ళు, బయటి సంస్థనుంచి ఒకరు. మా నోటీసు బోర్డులో ఆ పేర్లు ఉండేవి. ఎండకు ఫోన్ నంబరు వెలిసిపోయింది. పేర్లన్నీ ఆఫీసు వాళ్ళవి. ఫ్రేము దగ్గర పనిచేసే పిల్ల, షిఫ్టు సమయంలో, మేస్త్రి ముందునుంచి నడిచిపోయి ఏసీ గది తలుపు తట్టి ఏం చెప్పగలదు? ఎక్కడికి పోతున్నావని అడిగితే ఏం బదులిస్తుంది?

దీనికి మన తమిళనాడులోనే ఒక బదులు దొరికింది, ఎంతో దుఃఖం తర్వాత. 2021 జనవరిలో దిండిగల్ వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. ఆమె పైన పనిచేసిన సూపర్‌వైజరే ఆ పని చేసినట్టు బయటపడింది. ఆమె ఆడవాళ్ళే నడిపే సంఘంలో సభ్యురాలు, తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ అని పేరు. ఆ సంఘం ఊరుకోలేదు. 2022 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యాజమాన్యంతోనూ, అక్కడినుంచి బట్టలు కొనే హెచ్ అండ్ ఎం లాంటి విదేశీ కంపెనీతోనూ ఒప్పందాలు రాయించుకుంది. దాన్ని దిండిగల్ ఒప్పందం అంటారు. అందులో నాకు నచ్చినది ఒకటి. మాట వినేవాళ్ళు ఆఫీసులో కాదు, పని జరిగే చోటే ఉంటారు. కార్మికుల్లోనే కొందరికి శిక్షణ ఇచ్చి, పక్కవాళ్ళకు ఏమైనా జరిగితే గమనించి చెప్పే బాధ్యత ఇచ్చినారు. రెండోది, యాజమాన్యం మాట తప్పితే కొనే కంపెనీ వ్యాపారం తగ్గించుకోవాలి. అంటే మంచితనం మీద ఆధారపడలేదు, కాగితం మీద ఆధారపడినారు.

మేము అంత చేయలేదు. ఆ ఒప్పందం సంగతి చదివి, కమిటీలో ఫ్రేము దగ్గర పనిచేసేవాళ్ళు ఇద్దరుండాలని అడిగినాము. అందులో నేనొకతె. కూటం షిఫ్టు లోపలే జరగాలి, ఆ గంటసేపు రిలీవర్ నిలబడాలి అని రాయించుకున్నాము. గత ఏడాది ఒక ఫిర్యాదు వచ్చింది. వివరాలు చెప్పకూడదు, చట్టమే చెప్పొద్దంటుంది, నేనూ చెప్పను. విచారణ 90 దినాల్లో ముగించాలన్నది నియమం, ముగించినాము. ఆ పిల్ల తలెత్తుకొని పనికి వస్తోంది. ఆమెను నోటీసు బోర్డులోని నంబరు మా దగ్గరికి తేలేదు. నీళ్ళ గది దగ్గర నాతో రెండు నిమిషాలు నిలబడి మాట్లాడింది, అంతే. ఆ రెండు నిమిషాలు ఇంతకుముందు మాకు లేనివి.

ఇక ఇంటి మాట. మిల్లును మాత్రమే అడిగి ఊరుకుంటే సగం న్యాయమే. ఈ పత్రిక మగవాళ్ళూ చదువుతారు కాబట్టి అన్నదమ్ములకు చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి. మార్చి 8న వాట్సాపులో భార్య ఫోటోకు పూలు పెట్టి స్టేటస్ వేసుకుంటారు, సంతోషమే. రాత్రి షిఫ్టు ముగించుకొని ఆమె ఏడున్నరకు ఇంటికి వస్తే, ట్యాంకు నీళ్ళు ఎవరు పడుతున్నారు? బిడ్డకు జడ ఎవరు వేస్తున్నారు? మగవాడు రాత్రి షిఫ్టునుంచి వస్తే ఇంట్లో "మీ నాయన పండుకోనుండాడు, సద్దు చేయొద్దండి" అంటాము. ఆడమనిషి వస్తే కుక్కర్ విజిల్ పక్కనే కూర్చొని కునుకు తీస్తుంది. ఇంట్లో కూడా ఒక రిలీవర్ కావాలి. మా ఇంట్లో ఆ పని మా మామ చేస్తారు. ఆదివారం కథ చెప్పిన మనిషే, పొద్దున పిల్లలకు ఇడ్లీ పెట్టి బడి వ్యాను ఎక్కించేది ఆయనే. మొదట్లో వీధిలో నవ్వినారు. ఇప్పుడు వ్యాను దగ్గర ఇంకా ఇద్దరు తాతలు నిలబడుతున్నారు.

ఇది చదివి మీ మిల్లులో ఏం చేయొచ్చని అడిగేవాళ్ళకు నాకు తెలిసింది చెప్తాను. మొదట ఏదీ అడగొద్దు, ఒక నెల రాయండి. గంట, నిమిషం, సైడు నంబరు. పిల్లల గది ఎన్ని గంటలకు తెరుస్తారో, మీ షిఫ్టు ఎన్నింటికో పక్కపక్కన రాయండి. కమిటీలో పేర్లు చదివి, వాళ్ళలో ఎవరితోనైనా మీరు ఎప్పుడైనా మాట్లాడినారా అని మిమ్మల్ని మీరే అడగండి. బస్సు మిమ్మల్ని రోడ్డు మీద దింపుతుందా, ఊళ్ళో దింపుతుందా, ఆ మధ్య దూరం ఎంతో రాయండి. తర్వాత అందరూ కలిసి పోండి, ఒక్కరే పోవద్దు. ఇచ్చిన డబ్బా తీసుకోండి, అడిగినది మాత్రం మరిచిపోవద్దు.

మా దగ్గర కూడా అంతా అయిపోలేదు. ఫ్యాక్టరీల చట్టంలో ఆడవాళ్ళకు రాత్రి పని వద్దన్న నియమాన్ని 2000 డిసెంబరులో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. రాత్రి పని చేయించుకుంటే రక్షణ, రవాణా వంటివి చూడాలని షరతులు పెట్టింది. గేటు రాత్రికి కూడా తెరుచుకుంది. మా రాత్రి షిఫ్టుకు మాత్రం రిలీవర్ ఇంకా రాలేదు. రెండు షిఫ్టుల్లో బాటిల్ తెచ్చుకునే ఆడవాళ్ళే, రాత్రి షిఫ్టు వారం వచ్చేసరికి బాటిల్ ఇంట్లో పెట్టి వస్తారు. పోయిన దీపావళికి ముందు ఒక పిల్ల రాత్రి షిఫ్టులో కళ్ళు తిరిగి ఫ్రేము పక్కన పడింది. తలకు మూడు కుట్లు. నయమైనాక మళ్ళీ రాలేదు, అగ్గిపెట్టెల పనికి పోతోందని విన్నాను. 19 ఏండ్లు, చురుకైన చేయి, పోగు తెగింది మనం చూసేలోపు అతికేది.

ఆమె పేరు మా కొత్త నోటు పుస్తకం మొదటి పేజీలో ఉంది. రాత్రి షిఫ్టు లెక్క పోయిన నెల 11వ తేదీనుంచి రాస్తున్నాము. ఈ నెల 11కు నెల నిండుతుంది. 12న ఆఫీసుకు పోతాము.